సిద్ధిరాములు లైఫ్ కోచ్‌ను ఎంచుకున్న తీరు

ఎల్లారెడ్డి సిద్ధిరాములు ఇనుప పైపును నమ్మడు. మనుషులను కొంచెం నమ్ముతాడు, అదీ ఒకసారి ఊపి చూశాకే. తప్పు అతనిది కాదు, చేసిన ఉద్యోగం అలాంటిది. మస్కట్‌లో ఇరవై నాలుగేళ్లు పనిచేశాడు. మొదటి ఆరేళ్లు పెద్ద పెద్ద బిల్డింగుల చుట్టూ పరంజాలు కట్టాడు. మిగతా పద్దెనిమిదేళ్లు ఇతరులు కట్టిన పరంజాలను పరీక్ష చేశాడు. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి, బిగింపులు తట్టి, పలకలు తొక్కి, బాగుంటే పచ్చ అట్ట, బాగాలేకపోతే ఎర్ర అట్ట వేలాడదీయాలి. ఎర్ర అట్ట ఉన్నచోట ఇంజినీరైనా కాలు పెట్టకూడదు. ఆ పద్దెనిమిదేళ్లలో అతను పచ్చ అట్ట వేసిన చోటి నుంచి ఒక్క మనిషి కూడా కింద పడలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు సిద్ధిరాములు ఛాతీ కాస్త ముందుకొస్తుంది. రానివ్వండి, ఆ మాత్రం గర్వపడే హక్కు అతనికి ఉంది.

అలాంటి మనిషి ఒకరోజు తొమ్మిదో అంతస్తు ఎత్తున నిలబడి, తన మోకాళ్లు వణుకుతున్నట్టు గమనించాడు. మర్నాడూ వణికాయి. మూడో రోజు ఎవరూ అడగకముందే ఆఫీసుకు వెళ్లి, ఇక తాను పైకి ఎక్కకూడదని చెప్పి, వీసా కేన్సల్ చేయించుకున్నాడు. తన మెడలో తానే ఎర్ర అట్ట వేసుకున్నాడన్నమాట. అందుకు అతను బాధపడలేదు. లోపం కనబడితే కనబడిందని చెప్పడమే కదా అతని పని.

చిక్కంతా సొంత ఇంటి గుమ్మంలో వచ్చి పడింది. గల్ఫ్ నుంచి మనిషి దిగితే మా వైపు మంచినీళ్లకంటే ముందు ఒక ప్రశ్న ఎదురొస్తుంది. "ఎన్ని దినాల ఛుట్టీ?" ఎన్ని రోజుల సెలవు మీద వచ్చావని. అతని భార్య గంగాబాయి కూడా అదే అడిగింది. ఇరవై నాలుగేళ్లుగా ఆ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పి అలవాటుపడ్డ నోరు, ఆ రోజు కూడా యజమానిని అడగకుండానే చెప్పేసింది.

"రెండు నెలలు."

రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు ఎల్లుండి అయింది, ఎల్లుండి రెండు నెలలయింది. అప్పుడు కంపెనీకి కొత్త కాంట్రాక్టు రాలేదని, పిలిచినప్పుడు పోవాలని ఇంకో ముక్క అతికించాడు. పరంజాలో ఒక్క బిగింపు వదులుంటే పని ఆపించిన మనిషి, ఇంట్లో మాత్రం వదులు మాట మీద వదులు మాట పేర్చుకుంటూ పోయాడు.

ఛుట్టీ మీద వచ్చినవాడు ఇంట్లో కొత్త అల్లుడితో సమానం. రోజు విడిచి రోజు కోడికూర. రేషన్ బియ్యం తెచ్చేది గంగాబాయే, నీళ్ల మోటారు కాలితే మెకానిక్‌ను పిలిచేదీ గంగాబాయే. అతను లేవబోతే "నువ్వు కూసో. ఉన్న నాలుగు దినాలు గూడ నీకు పనేనా" అంటుంది. మొదట్లో హాయిగానే ఉంది. ఒకరోజు వంటింట్లో ఆమె కూతురు సాయిశ్రీతో అంటున్న మాట అతని చెవిన పడింది. "పైన రేకులు మార్పియ్యాలె. బాపు పోయినంక చూద్దాం తియ్." రేకులే కాదు, సాయిశ్రీ పై చదువు, వెనక గోడ, ఆఖరికి దూడను అమ్మడం కూడా అతను పోయినంక చూసుకునే పనులే. ఆ ఇంట్లో అన్నీ అతను లేని రోజుల కోసం ఎదురుచూస్తున్నాయి. మోకాళ్లు వణికినప్పుడు కూడా అతనికి అంత దిగులు కలగలేదు. తన ఇంట్లో తనకు చోటు కావాలి. అది అడగాలంటే ముందు అబద్ధం ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి మొహం చెల్లడం లేదు.

పోనీ ఇలాగే నెట్టుకొద్దామంటే గడువొకటి వచ్చి పడింది. ఆరు నెలలు దాటితే వీసా చచ్చిపోతుందని ఎల్లారెడ్డిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఐదు నెలలు దాటాయి. కొడుకు మస్కట్‌లోనే ఉన్న పక్కింటి భూదవ్వ ఒక మూట పట్టుకొని వచ్చింది. అందులో ఎండబెట్టిన మటన్ ముక్కలు, మామిడికాయ తొక్కు.

"ఇంక మూడు వారాలే గదా బిడ్డా నీకు. నా కొడుకుకు గిది అందియ్యి. పోరడు కమ్మగ తిని ఎన్ని దినాలైందో."

గల్ఫ్ పోయేవాడు ఊళ్లోవాళ్ల మూటలు మోయడం మా దగ్గర ఆచారం. సిద్ధిరాములు చేతికి కూడా అది అలవాటే, తనంతట తానే ముందుకు చాచుకుంది. మూట ఫ్రిజ్ మీదికి చేరింది. సిద్ధిరాములుకు ఆ పూట అన్నం సహించలేదు.

సాయిశ్రీ కామారెడ్డిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. తండ్రి వాలకం ఆమెకు అంతు చిక్కలేదు గానీ, ఏదో ఉందని మాత్రం పసిగట్టింది.

"బాపూ, నువ్వు ఎవ్వరితోనన్న మాట్లాడాలె. మా కాలేజీకి ఒక లైఫ్ కోచ్ వచ్చిండు. గసొంటోళ్లు కామారెడ్డిల శానమంది ఉన్నరు."

"ఆట నేర్పేటోళ్లా?"

"బతుకుడు."

"యాభై ఒక్క ఏండ్లు బతికినంక ఇగ నాకేం నేర్పుతరు బిడ్డా?"

"నేర్పరు బాపూ. నీ ముచ్చట వింటరు. నీకు తొవ్వ దొరికేదాంక పక్కన ఉంటరు."

సిద్ధిరాములు "సరే. కని ఎవ్వలు మంచోళ్లో చూసేది నేను" అన్నాడు. అన్నాక అతని నడుము నిటారుగా అయింది. ఐదు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసే పని దొరికింది మరి. ఈ పనిలో తనను మించినవాడు జిల్లాలో లేడని అతని నమ్మకం. నిజానికి లేడు కూడా.

పరంజా కట్టినవాణ్ణి సిద్ధిరాములు మొదట ఒకటే అడిగేవాడు. ఇది ఎంత బరువు ఆపుతుంది? పని తెలిసినవాడు "ఇంతే, అంతకు మించి ఎక్కొద్దు" అంటాడు. "ఎంతమందైనా ఎక్కండి" అన్నవాడి పరంజా మీదికి అతను పిల్లిని కూడా ఎక్కనివ్వలేదు. కోచ్‌లనూ అదే అడగాలని కామారెడ్డి బస్సు తాడ్వాయి దాటకముందే నిర్ణయించుకున్నాడు.

మొదటి ఆయన ఫంక్షన్ హాల్లో దొరికాడు. కోటు, చెవి దగ్గర మైకు, వెనక పెద్ద తెర. మూడువందల మందిని నిలబెట్టి "నేను గెలుస్తా" అని అరిపిస్తున్నాడు. దేనిలో గెలవాలో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సిద్ధిరాములు కూడా పక్కవాళ్ల మర్యాద కోసం రెండుసార్లు అరిచాడు. అయ్యాక గుంపును తోసుకొని వెళ్లి, "సార్, మీతోని కానిది ఏంది?" అని అడిగాడు. ఆయన భుజం తట్టి, "కానిదంటూ ఏదీ లేదు బ్రదర్" అన్నాడు. సిద్ధిరాములు మనసులో ఎర్ర అట్ట తగిలించి, బయటికొచ్చి చాయ్ తాగాడు.

రెండో ఆయన పేరు మహేందర్. ఏసీ గది, గోడ నిండా సర్టిఫికెట్లు. సిద్ధిరాములు పేరు, ఊరు చెప్పి, మస్కట్ నుంచి వచ్చానన్నాడో లేదో, మహేందర్ కాగితం తీసి గీతలు గీయడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో దోమకొండ రోడ్డులో కోళ్ల ఫారం లేచింది, ఐదేళ్లకు రెండోది లేచింది. ఆ పది నిమిషాల్లో ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సిద్ధిరాములు తన పాత ప్రశ్నే అడగగానే మాత్రం ఆయన నొచ్చుకున్నాడు. "నా దగ్గరికి వచ్చి బాగుపడనోళ్లు లేరు" అన్నాడు. లేరో, తిరిగి వచ్చి చెప్పలేదో! పైనుంచి పడ్డవాడు ఫిర్యాదు చేయడానికి మళ్లీ ఎక్కి రాడు. సిద్ధిరాములు రెండో ఎర్ర అట్ట కూడా తగిలించాడు.

మూడో మనిషి ఎస్తేర్. ఇరవై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత హైదరాబాద్‌లో ఈ చదువు చదువుకొని వచ్చింది. స్టేషన్ రోడ్డులో టైలర్ షాపు మీద ఒక గది, రెండు కుర్చీలు, ఒక గడియారం. చేతికి ఫారం ఇచ్చింది. సిద్ధిరాములు అందులో 'మస్కట్, ఛుట్టీ' అని రాసి, కూర్చోగానే అడిగేశాడు.

"మీతోని ఏది కాదు మేడం?"

ఎస్తేర్ నొచ్చుకోలేదు. వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చింది. "యాపారం సలహా నాతోని కాదు. మందులిచ్చుడు కాదు, మనసు మరీ పాడైనోళ్లను డాక్టరు దగ్గరికే పంపుత. ఆలుమగల తగాదాల ఒక్కరి మాట విని తీర్పు చెప్పుడు కాదు. మీరు ఏం చెయ్యాల్నో చెప్పుడు గూడ కాదన్నా, మీ ఇంటి సంగతి నాకేమెరుక?"

"మరి అయ్యేది ఏంది?"

"అడుగుడు. మీరన్న మాట మళ్ల మీకే వినిపిచ్చుడు. చేస్త అన్నది చేసిన్రా లేదా అని మల్లొచ్చే వారం అడుగుడు. గంతే."

"నాతోని మీకు లాభం లేదు, ఇంకొకరి దగ్గరికి పోండ్రి అని ఎవ్వరికన్న చెప్పిన్రా?"

"పోయిన నెల ఇద్దరికి చెప్పిన."

"ఈడ మాట్లాడేది కింద టైలర్‌కు వినవడ్తదా?"

ఎస్తేర్ లేచి కిటికీ మూసి వచ్చింది. సిద్ధిరాములు లోలోపల పచ్చ అట్ట వేలాడదీశాడు. మూడు చోట్ల తిరిగినందుకు గట్టి మనిషే దొరికిందని సంబరపడ్డాడు. ఎంచుకోవడంలో తన చేయి ఇంకా తప్పలేదు.

"నా పరీక్ష అయిపోయినట్టేనా అన్నా? ఇగ నేనడుగుత. తిరుగు టికెట్ ఎప్పటికి?"

సిద్ధిరాములు భూదవ్వ లెక్కే పట్టుకొని, "మూడు వారాలల్ల" అన్నాడు.

ఆమె డైరీ తెరిచింది. "అంటే మూడుసార్లే కలుస్తం. పోయేటాయనను ఒక తీరుగ అడుగుత, ఉండేటాయనను ఒక తీరుగ అడుగుత. పోతున్నరని రాసుకోనా?"

పెన్ను కాగితం మీద ఆగింది. ఆమె తొందరపెట్టలేదు. సిద్ధిరాములుకు అప్పుడు తట్టింది. ఇంత మంచి మనిషిని వెతికి పట్టుకొని ఈమెకు కూడా అదే అబద్ధం చెబితే, ఈమె అడిగే మంచి ప్రశ్నలన్నీ మస్కట్ పోబోయే సిద్ధిరాములుకే పోతాయి. అలాంటివాడు లోకంలో ఎక్కడా లేడు. ఉన్నవాడు ఈ కుర్చీలో కూర్చొని చెమటలు కక్కుతున్నాడు.

"రాయకుండ్రి మేడం. టికెట్ లేదు. కేన్సల్ చేసుకొనే వచ్చిన."

"ఈ సంగతి ఇంకెవ్వరికి ఎరుక?"

"మీకే."

ఎస్తేర్ డైరీలో వచ్చే గురువారం పేజీకి గుర్తు పెట్టి మూసింది. "అట్లయితే ఇయ్యాలటికి చాలు. ఈ మాట మొదలు వినవలసింది నేను గాదన్నా. బేస్తారం ఇదే టైముకు రాండ్రి."

"ఇంట్ల చెప్పకుంటనే వస్తే?"

"చెప్పలేదని చెప్పుండ్రి. ఆడికెల్లే మొదలు పెడ్దాం."

ఆ చివరి మాట విన్నాక, మెట్లు దిగుతున్నప్పుడు సిద్ధిరాములుకు భయం సగం తగ్గింది. చెప్పకపోయినా వెళ్లగొట్టని మనిషి దగ్గరికి చెప్పే వెళ్లాలనిపించింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. గంగాబాయి వాకిట్లో కూర్చొని రాత్రి కూరకు ఉల్లిగడ్డలు కోస్తోంది. చెప్పులు విప్పకుండానే, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. మోకాళ్ల సంగతి, కేన్సల్ సంగతి, ఎన్ని దినాలని అడగగానే నోరు జారిన సంగతి.

కత్తి ఆగింది. తిట్లు మొదలయ్యాయి.

"ఐదు నెలలాయె! ఐదు నెలల సంది నన్ను పిచ్చిదాన్ని చేస్తివి! ఛుట్టీ మీద వచ్చినోడు గదా అని ఒక్క మాట అనకపోతి. తడి తువ్వాల మంచం మీద ఏస్తివి, ఊకున్న. ఎనిమిది దాంక పండుకుంటివి, ఊకున్న. దినాం కోడికూర కమ్మగ తింటివి, కోడిని సాపు చేసేటోళ్ల చేతులు ఎట్లున్నయని ఒక్కనాడన్న చూస్తివా? మోకాళ్లు వణికినయని పెండ్లానికి చెప్ప చేతగాదా? నేను పరాయిదాన్నా?"

చివరి మాట దగ్గర ఆమె కళ్లు తుడుచుకుంది, అవి ఉల్లిగడ్డల నీళ్లు కావు. సిద్ధిరాములు తల వంచుకొని నిలబడ్డాడు. పెళ్లయి పాతికేళ్లు దాటినా గంగాబాయి అతన్ని తిట్టడం అదే మొదలు. తిట్టే వ్యవధి ఎప్పుడూ దొరకలేదు, సెలవులన్నీ మర్యాదలకే సరిపోయాయి. సిగ్గుతో పాటు అతనికి గొప్ప సంతోషం కూడా కలిగింది. చుట్టాలను ఎవరూ ఇలా తిట్టరు.

"ఏం నిలవడ్డవు? ఆ మూట తీస్కపోయి భూదవ్వకు ఇయ్యి. ఎందుకు పోతలేవో నీ నోటితోనే చెప్పు. వచ్చేటప్పుడు రేకులేసేటోని ఇంటికాడ ఆగి, రేపు వచ్చి కొలతలు తీస్కపొమ్మను."

"పోయి వస్త" అని మూట అందుకున్నాడు. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఇది చెప్పాలని నీకెవ్వలు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలే. కామారెడ్డిల ఒక మేడం ఉన్నది, అడిగింది. బేస్తారం మళ్ల రమ్మన్నది."

"నేను గూడ వస్త."

"నువ్వెందుకే?"

గంగాబాయి కోసిన ఉల్లిగడ్డలు గిన్నెలోకి ఎత్తింది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఇరువై నాలుగేండ్లు నువ్వు లేకుంట ఎట్ల బతకాల్నో నాకు నేనే నేర్చుకున్న. ఇగ దినాం నువ్వు ఇంట్లనే ఉంటే ఎట్ల బతకాల్నో నాకెరుక లేదు. నేను గూడ ఎవ్వలతోనన్న మాట్లాడాలె."

సిద్ధిరాములు మూట పట్టుకొని భూదవ్వ గుమ్మం వైపు నడిచాడు. బేస్తారం నాడు ఇద్దరికీ ఒకేచోట సీటు దొరకాలని పొద్దుటి బస్సుకే బయలుదేరారు.