కుట్టు విప్పి పారేసిన ఎనిమిది పేజీలు

నా ఫోనులో పుస్తకాల గ్రూపు ఒకటుంది. పొద్దున లేస్తే అందులో పీడీఎఫ్‌లు కురుస్తాయి. అందరూ దండాలు పెడతారు, చప్పట్లు కొడతారు, "అమూల్యం" అంటారు. వాటిని తెరిచి చదివిన మనిషి ఒక్కరూ కనిపించరు. ఈ మధ్య మా జనగామ వైపు అమ్మాయి ఒక మంచి నవల రాసింది. మన మాటను మనదిగానే రాసింది. కొందరు ప్రతి మాట ముందూ ఒక 'గ' తగిలించి తెలంగాణ కథ అయిపోయిందనుకుంటారు చూడండి, అట్లాంటి రాత కాదు. ఆ పుస్తకం సంగతి నేను గ్రూపులో రాస్తే వెంటనే అడిగారు, "పీడీఎఫ్ ఉందా అమ్మా?" అని. ఒళ్లు మండింది. ఆ పిల్ల మూడేళ్లు కూర్చుని రాసింది, కొని చదవండి అని పెట్టాను. పెద్దావిడకు కోపం ఎక్కువ అని అక్కడ నాకు పేరుంది. ఉండనీ.

ఆ గ్రూపులోనే పోయిన నెల ఒక పాత సీరియల్ నవల వచ్చింది. వారపత్రికలో వచ్చిన పేజీలను ఎవరో చించి, కుట్టి, పుస్తకం చేసుకుంటే దాన్ని స్కాన్ చేశారు. మొదటి పేజీ తెరవగానే నా చెయ్యి ఆగిపోయింది. ఎడమ అంచున మూడు పెద్ద రంధ్రాలు. పైన మూలకు ఆకుపచ్చ సిరాతో పేజీ అంకెలు. ఆ అంకెలు నావి. ఆ రంధ్రాలు మా నాయిన అడ్తి దుకాణంలో గోనె సంచులు కుట్టే దబ్బనంతో నేను చేసినవి.

గబగబా వేలితో జరుపుకుంటూ పోయాను. అరవై రెండు తర్వాత డెబ్బై ఒకటి వచ్చింది. మధ్యలో ఎవరో టైపు చేసిన ఒక గీత: "ఇక్కడ మూడు వారాల సంచికలు లభ్యం కాలేదు."

లభ్యం కాలేదట! ఆ సంచికలు నాకూ దొరకలేదు. అందుకే కదా ఆ ఎనిమిది పేజీలు నేను చేత్తో రాసి అక్కడ కుట్టింది.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో నాకు పదహారేళ్లు. మాది కేసముద్రం. బెజవాడ వైపు నుంచి వారపత్రికల కట్ట రైల్లో వచ్చేది. స్టేషన్లో కట్ట విప్పేదాకా ఆగలేక నేనే పోయి నిలబడేదాన్ని. ఇంటికి రాగానే సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి దాచేదాన్ని. అందరి ఇళ్లలోనూ అదే పని. ఎన్ని ఇళ్లు తిరిగితే ఆ కుట్టు పుస్తకానికి అంత గౌరవం. దాని మీద పసుపు మరకలు ఉండేవి, కూర మరకలు ఉండేవి, చదివిన వాళ్ల తిట్లు కూడా అంచుల్లో ఉండేవి. ఇప్పటి వాళ్లు చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

ఆ నవలలో నాయిక డాక్టరు. మేడ, కారు, పియానో. కేసముద్రంలో పియానో అంటే ఏంటో నాకు తెలియదు, అయినా దాని కోసం ఏడ్చాను. అప్పటి నవలలన్నీ అంతే. అందులో మనలా మాట్లాడే మనిషి రావాలంటే దొంగ అయినా కావాలి, తాగుబోతు అయినా కావాలి, గిన్నెలు తోమే ఆమె అయినా కావాలి. ఈ నవలలో గిన్నెలు తోమే ఆమె ఉంది. ఆమెకు పేరు లేదు. "పనిమనిషి వచ్చింది", "పనిమనిషి పళ్లికిలించింది", అంతే. ఆమె నోట మన మాటనే వంకరటింకరగా పెట్టి నవ్వించేవారు. రాసిన వాళ్ల మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. దాన్ని చదివి నవ్విన మా ఊరి వాళ్ల మీద ఇంకా ఎక్కువ కోపం.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెను మేమందరం పెద్దోని తల్లి అనేవాళ్లం. ఆమె పెద్ద కొడుకును ఊరంతా పెద్దోడు అనేది కాబట్టి. మధ్యాహ్నం పెరట్లో ఆమె బోళ్లు తోముతుంటే నేను గడప మీద కూర్చుని సీరియల్ పైకి చదివేదాన్ని. నాకన్నా ఆమెకే ఆత్రం ఎక్కువ. అయితే ఆమెకు డాక్టరమ్మ కాపురం గొడవ పట్టేది కాదు. పనిమనిషి ఎప్పుడు వస్తుందా అని చూసేది.

ఒక వారం డాక్టరమ్మ అత్తగారి గొలుసు పోయింది. అత్తగారు పనిమనిషి జుట్టు పట్టుకుంది. అక్కడ ఆ వారం భాగం ఆగింది. అప్పుడే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ముదిరింది. బడులు మూసేశారు, బందులు, రైళ్లు ఆగాయి. పత్రికల కట్ట మూడు వారాలు రాలేదు. పెద్దోని తల్లి రోజూ అడిగేది.

"రైలచ్చిందా బిడ్డా? గా పనామె ఏమైందో సూడు జర."

నాలుగో వారం కట్ట వచ్చింది. గొలుసు అప్పటికే బీరువా సొరుగులో దొరికిపోయింది. ఇంటిల్లిపాదీ కూర్చుని కాఫీ తాగుతూ నవ్వుకుంటున్నారు. పనిమనిషి ఊసే లేదు. కొత్త వంటవాడు వచ్చాడు.

"మరి ఆమె?" అంది పెద్దోని తల్లి.

"ఇందులో రాయలేదు. రాసినా ఆ రాని వారాల్లో ఉంటుంది," అన్నాను.

"గదేంది? జుట్టు వట్టుకున్నంక ఏమన్నదో సెప్పకుంట పాయె?"

ఆ మాట నన్ను నిలవనీయలేదు. నోటుబుక్కు తీసి నేనే రాయడం మొదలుపెట్టాను. మొదట ఆమెకు నాకు నచ్చిన పేరొకటి పెట్టాను. రెండు రోజులు కూర్చుని అత్తగారి ముందు ఆమె చేత మాట్లాడించాను. "అమ్మా, నేను నిరపరాధిని. మీ ఉప్పు తిని బతికేదాన్ని. దయచేసి నన్ను నమ్మండి" అని ఏడిపించాను. రాస్తూ నేనూ ఏడ్చాను. గొప్పగా వచ్చిందనుకుని మధ్యాహ్నం పెరట్లో చదివి వినిపించాను.

పెద్దోని తల్లి తోముతున్న గిన్నె పక్కన పెట్టింది.

"గీమె ఎవరు బిడ్డా?"

"పనామె."

"పనామె గిట్లెందుకు మాట్లాడుతది? గిట్లెందుకు ఏడుస్తది?"

నాకు చెంప పగిలినట్టయింది. అప్పుడు వీధిలో రోజూ ఊరేగింపులు. మన మాటను ఎగతాళి చేస్తున్నారని పిల్లలు అరుస్తుంటే నేనూ కిటికీలోంచి గొంతు చించుకున్నాను. లోపలికి వచ్చి కాగితం ముందు కూర్చుంటే మాత్రం, ఒక మనిషిని గౌరవంగా చూపాలంటే ఆమెకు ఆ నవలల వాళ్ల మాటే తొడగాలనుకున్నాను. మన మాటలో మర్యాద ఉండదని నేనూ నమ్మాను. ఆ నమ్మకం మీద నాకు ఈ రోజుకీ కోపమే.

"మరి ఏమంటది?" అని అడిగాను.

ఆమె చేతులు కడుక్కుంది. నా వైపు చూడకుండా బావి గిలక వైపు చూస్తూ చెప్పింది.

"మొన్న ఊడ్వంగ దొరికిన ముక్కుపుల్ల తెచ్చి నీ చేతులనే పెట్టిన గద దొరసానీ. గప్పుడు దొంగను గాను, గిప్పుడెట్లయిన?"

"ఎంత బాగా అన్నవ్!" అన్నాను.

"గిప్పుడన్నది గాదు. నువ్వు సిన్నగున్నప్పుడు మీ అవ్వతోని అన్న."

అమ్మ కమ్మలు పోయాయట. ఈమెను అందరి ముందూ నిలబెట్టి, కొంగు దులిపించి చూశారట. తర్వాత కమ్మలు అమ్మ పెట్టెలోనే చీర మడతలో దొరికాయి. అమ్మ ఏమీ అనలేదు. మూడో రోజు మనిషిని పంపితే ఈమె మళ్లీ వచ్చి బోళ్లు తోమింది. ఈ సంగతి చెప్పి ఆమె మళ్లీ గిన్నె అందుకుంది.

నేను రాసిందంతా చించేశాను. మళ్లీ రాశాను. ఈసారి ఆమె చెబుతుంటే రాశాను, నేను కలిపింది తక్కువ. ఎనిమిది పేజీలు వచ్చాయి. పైకి చదివి వినిపిస్తున్నప్పుడు లోపలి నుంచి అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ముక్కుపుల్ల మాట దాకా విని లోపలికి పోయింది. పెద్దోని తల్లి మాత్రం, "ఆఁ, గిప్పుడు నడుస్తది" అంది. దబ్బనం తెచ్చి ఆ ఎనిమిది పేజీలను వాటి చోట కుట్టాను.

పెళ్లయి జనగామకు వస్తూ ఆ పుస్తకం తెచ్చుకున్నాను. డెబ్బైల్లో మా వాడకట్టు ఆడవాళ్లంతా చదివారు. చేతిరాత పేజీల దగ్గర ఒకామె పెన్సిలుతో "మా ఇంట్ల గూడ ఇట్లనే అయింది" అని రాసింది. అది ఏ పత్రికలోనూ అచ్చు కాని మాట. ఎనభైల్లో పాలకుర్తి బస్సెక్కుతూ ఒకామె చదివి ఇస్తానని తీసుకుపోయింది, మళ్లీ రాలేదు. పోతే పోయింది, ఎక్కడో తిరుగుతూనే ఉంటుందిలే అనుకున్నాను. తిరిగింది కూడా. ఈ స్కాన్ చేసిన పెద్దమనిషి బల్ల మీదికి వచ్చేదాకా క్షేమంగానే తిరిగింది.

ఆయన రిటైరైన పంతులు. గ్రూపులో నంబరు ఉంటే ఫోన్ చేశాను. నేను ఫలానా అని చెప్పి, మధ్యలో చేతిరాత పేజీలు ఉండాలి కదా సార్ అని అడిగాను.

"ఉండెనమ్మా. గని గవి నవలల పేజీలు గావు గద. ఎవరో రాసి కుట్టిండ్రు. భాష గూడ కలుస్తలేదు. క్లీన్‌గ ఉండాల్నని తీసేసిన."

"ఇప్పుడెక్కడున్నాయి?"

"స్కాన్ జెయ్యాల్నంటె కుట్టు ఇప్పాలె గదమ్మా. పనైనంక అన్ని పాత పేపర్లతోని తూకానికి ఇచ్చేసినం."

నేను ఆగలేకపోయాను.

"సార్, గిప్పుడు మీరు మాట్లాడుతున్నది ఏ భాష?"

జవాబు కోసం ఆగకుండా నేనే అన్నాను.

"మీరు మాట్లాడేదీ గదే, మీ అవ్వ మాట్లాడిందీ గదే. పియానో పేజీలు ఒక్కటి పోకుంట దాసిండ్రు. ఆమె ఎనిమిది పేజీలే మీకు చెత్తయినయా?"

"నాకు తెల్వదమ్మా, తప్పయింది," అన్నాడు. మంచి మనిషే. ఆ మంచితనం ఏం చేసుకోను? ఫోన్ పెట్టేశాను.

మళ్లీ రాద్దామని కాగితం ముందు కూర్చున్నాను. వారం కూర్చున్నాను. రాలేదు. పదహారేళ్ల పిల్ల విని రాసింది డెబ్బై దాటిన దానికి ఎట్లా వస్తుంది? ఆమె గొంతు దొరకలేదు. ముక్కుపుల్ల మాట ఒక్కటే అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. దాన్నే తెల్ల కాగితం మీద రాసి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అరవై రెండో పేజీకీ డెబ్బై ఒకటో పేజీకీ మధ్య ఉండాల్సింది ఇదీ అని కింద రాశాను.

చప్పట్లు వచ్చాయి, దండాలు వచ్చాయి. అమూల్యం అన్నారు. ఎప్పుడూ నోరు మెదపని ఒకామె మాత్రం మర్యాదగా అడిగింది. "ఇది ఎవరి మాట అమ్మా? పేరు చెబితే పేరుతో దాచుకుంటాను."

నాది కాదు అని టైపు చేశాను. మా ఇంట్లో పని చేసిన ఆమెది, ఆమె పేరు, అని రాయబోయి ఆగాను. పెద్దోని తల్లి అనేవాళ్లం. అమ్మ అట్లాగే పిలిచేది, నాయిన అట్లాగే పిలిచేవాడు, నేనూ అట్లాగే పిలిచాను. చెప్పగలిగే వాళ్లెవరూ ఇప్పుడు లేరు. పనిమనిషికి పేరు పెట్టలేదని ఆ రచయితను యాభై ఏళ్లు తిట్టిన దాన్ని, కథలో ఆమెకు పేరు పెట్టిన దాన్ని, పెరట్లో నా ఎదురుగా కూర్చున్న ఆమెను ఒక్కసారి కూడా పేరు అడగలేదు.