వైనోకు చేతులైన ఐలా

పెద్ద సరస్సు దగ్గరి కాల్యుమెట్ ఊళ్ళో పాత మోటారు సైకిళ్ళు బాగుచేసేదెవరని ఎవరినడిగినా వైనో కాంగస్ షెడ్డుకే దారి చూపేవారు. చక్కెర జబ్బుతో ఆయనకు రెండు కళ్ళూ పోయాక కూడా బళ్ళు అక్కడికే వచ్చేవి. మారిందల్లా ఆయన భార్య ఐలా బతుకు. పదిహేడేళ్ళు బడి వంటగదిలో, నలుగురు ఆడవాళ్ళతో నవ్వుతూ తుళ్ళుతూ పనిచేసిన మనిషి, ఉన్నపళంగా అది మానేసి షెడ్డులో కాలు పెట్టింది.

"కొన్నాళ్ళేనే. నాకు తడుముకోవడం అలవాటయ్యేదాకా" అన్నాడు వైనో అప్పట్లో.

ఆ కొన్నాళ్ళు ఆరేళ్ళయ్యాయి. ఆయన పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని చెవులు రిక్కించి చెప్పేవాడు. ఆమె విప్పేది, కడిగేది, బిగించేది. గోళ్ళ సందుల్లో గ్రీజు ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా పోయేది కాదు. బళ్ళవాళ్ళు మాత్రం ఆమె భుజం మీదుగా వైనోతోనే మాట్లాడేవారు.

ఆ ఏడాది జనవరిలో గ్రీన్ బే నుంచి రస్క్ అనే ఆయన ఓ ఇంగ్లీషు బండి తెచ్చాడు. 1951 నాటిది. నెట్టుకుంటూ వస్తుంటేనే రెండు చక్రాలూ గరగరమన్నాయి. "బేరింగులు అరిగిపోయాయి. పెద్ద సరస్సు మీద మంచు కరిగేసరికి వచ్చి తీసుకుపో" అన్నాడు వైనో, బండిని ముట్టుకోకుండానే.

"మీ చెయ్యి పడితే చాలు వైనో గారూ!" అన్నాడు రస్క్. బరువుకు వంగిపోయి బండిని లోపలికి నెడుతున్నది ఐలా.

ఫిబ్రవరి మొదట్లో డులూత్ నుంచి ఐలాకు అక్క లెంపి ఫోన్ చేసింది. "మోకాలికి ఆపరేషనే. మూడు వారాలు వచ్చి ఉండు. నా గుమ్మం తొక్కి ఆరేళ్ళయింది, గుర్తుందా?"

ఐలా ఆ మాట చెబితే వైనో గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచేవాడు కాదు. "వెళ్ళు, నేనాపానా? రస్క్‌కి ఫోన్ చేసి, మా ఆవిడ ఊరెళ్తోంది, బండి ముక్కలు మూటగట్టుకుపొమ్మంటాను. అంతేగా" అన్నాడు.

ఐలా అక్కకు రాలేనని చెప్పి, ముందు చక్రం పట్టుకుని కూర్చుంది.

"బేరింగు మీది రింగుది ఎడమ మర. విప్పాలంటే కుడివైపుకి తిప్పాలి" అన్నాడు వైనో.

"ఆరేళ్ళుగా చెబుతున్నావు."

పాత బేరింగులు రాలగొట్టి, చక్రం నడిమి హబ్బును విడదీసి ఇంట్లోకి మోసుకెళ్ళి ఓవెన్‌లో పెట్టింది. పొద్దున అందులోనే ఏలకుల రొట్టె కాల్చింది. కొత్త బేరింగులు గుడ్డలో చుట్టి బయట మంచులో పాతింది. వేడికి హబ్బు కాస్త విచ్చుకుంటుంది, చలికి బేరింగు కాస్త ముడుచుకుంటుంది. రెంటినీ కలిపి, బయటి రింగు అంచు మీద మాత్రమే చుట్టూ మెల్లగా కొట్టాలి. ఆమె కొడుతుంటే వైనో తల పక్కకు వాల్చి విన్నాడు. బొంగురుగా ఉన్న చప్పుడు ఉన్నట్టుండి గట్టిపడింది.

"ఆగు. కూర్చుంది."

నిజంగానే కూర్చుంది. ఆ చెవుల్ని చూసి ఆమెకు గర్వం, కసి రెండూ ఒకేసారి కలిగాయి.

మర్నాడు మధ్యాహ్నం కాఫీపొడికని కొట్టుకు బయల్దేరింది. దారి నిండా మంచు మేట వేసి ఉంది, దాన్ని తీసే బండి ఇంకా రాలేదు. సగం దారిలోంచే వెనక్కి తిరిగింది. షెడ్డు పక్కగా వస్తుంటే లోపల సుత్తి చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూసింది.

వైనో పొయ్యి మీద వేడెక్కిన వెనక చక్రం హబ్బును రెండు గుడ్డలతో పట్టి బల్ల మీద పెట్టుకున్నాడు. విప్పి పారేసిన పాత బేరింగు తీసుకుని హబ్బు గూట్లో ఉంచాడు. బొటనవేలి గోటితో అంచు చుట్టూ తడిమి చూశాడు. ఒక పక్క కాస్త ఎత్తుగా ఉన్నట్టుంది, అక్కడ రెండు దెబ్బలు వేశాడు. తర్వాత చుట్టూ వరసగా. ఎక్కడా తడబాటు లేదు. అది కూర్చున్నాక వేలితో తిప్పి, విని, తనలో తను నవ్వుకున్నాడు. మళ్ళీ దాన్ని రాలగొట్టి డబ్బాలో వేసి, హబ్బును ఎక్కడిదక్కడ పెట్టి, చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

మోకాళ్ళలోతు మంచులో ఐలా అలాగే నిలబడిపోయింది. కాళ్ళు మొద్దుబారిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే హబ్బు వేడిచేసి తెచ్చి బల్ల మీద పెట్టింది. కొత్త బేరింగునూ సుత్తినీ ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇదేంటే?"

"కొట్టు."

"నాకెక్కడ కనపడుతుందే?"

"నిన్న కనపడిందిగా."

వైనో ముఖం పాలిపోయింది.

"ఇది చేతనై ఎన్నాళ్ళయింది?" అంది ఐలా.

"మూడేళ్ళు."

"మూడేళ్ళా! నా చేత మూడేళ్ళు ఉత్తపుణ్యానికి ఈ చాకిరీ చేయించావా?"

"చెబితే నువ్వు మళ్ళీ బడికి పోతావనుకున్నా. పోవా? పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఈ చీకట్లో నేనొక్కణ్ణే... నీ చప్పుడు వింటుంటే పొద్దు గడుస్తోందే."

"నా పొద్దు సంగతేంటి?"

ఆమె హబ్బు వైపు చూసింది. "చల్లారిపోతోంది. కొట్టు." ఆయన కొట్టాడు. బేరింగు తిన్నగానే కూర్చుంది.

రెండోనాడు అక్కకు వస్తున్నానని చెప్పి ఐలా డులూత్ బస్సెక్కింది. వైనోకు చక్కెర జబ్బు సూది వెయ్యడానికీ భోజనానికీ పక్కింటి టోయినీ ఒప్పుకుంది. మూడు వారాలూ అక్క ఇంట్లో ఐలా నిద్ర లేచేసరికి సూర్యుడు పైకొచ్చేసేవాడు. ఐలా బయల్దేరేముందు లెంపి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉండిపోవే. ఆయన చేసుకోగలడుగా."

"బేరింగులు వేసుకోగలడక్కా. సూది మందు కొలుచుకోలేడు" అంది ఐలా. టోయినీ ఎల్లకాలం వచ్చి వెయ్యదు. బడి వంటగదిలో తన చోటు ఏనాడో ఇంకొకరికి వెళ్ళిపోయింది. బస్సులో అద్దానికి తల ఆనించి, ఇంకెక్కడికైనా పోగలనా అని వరసగా ఊళ్ళపేర్లు తలచుకుంది. ఒక్కచోటా తెలిసిన మనిషి లేడు. చివరికి తన ఇంటి ముందే దిగింది.

ఏప్రిల్‌లో రస్క్ వచ్చి చక్రాలు తిప్పి చూశాడు. చడీ చప్పుడూ లేదు. "మీ చెయ్యే చెయ్యి వైనో గారూ!"

"వెనకది నేను వేశాను. ముందుది మా ఐలా" అన్నాడు వైనో. "ఆరేళ్ళుగా బళ్ళన్నీ ఆవిడే చేసింది."

రస్క్ పగలబడి నవ్వాడు. "మీ వేళాకోళానికేం గానీ... అమ్మా, ఆ తలుపు కాస్త తీసి పట్టుకుంటారా?"

ఐలా వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది.