తీర్థం గిన్నెలో దువ్వెన

ఫిలిబెర్ గెలిచిన తగాదా నేను కళ్ళారా చూశాను. ఆదివారం పూజ ముగిసిందంటే మా ఒయోనాలో సగం ఊరు ద్రాక్షసారా కొట్లోనే ఉంటుంది. దువ్వెనలు చేసుకుని బతికే ఊరు మాది. దువ్వెనలు కోసే పశువుల కొమ్ముకు కరువొచ్చినప్పుడు అంతెల్మ్ పత్తీ కర్పూరమూ కలిపి ఒక కొత్త సరుకు చేశాడు. ఫిలిబెర్ విరిగిన పాలను ఘాటు మందులో గట్టిపరిచి మరొకటి చేశాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పని నేర్చినవాళ్ళే.

"ఏరా జున్నోడా, నీ దువ్వెన తలకా, రొట్టెలోకా?" అన్నాడు అంతెల్మ్.

ఫిలిబెర్ అగ్గిపుల్ల గీసి తన దువ్వెన కింద పెట్టాడు. మాడిన పాల కంపు కొట్టింది, అంతే. ఇంకో పుల్ల గీసి అంతెల్మ్ దువ్వెనకు చూపించాడు. భగ్గుమంది. ఆర్పబోయి అంతెల్మ్ సగం మీసం కాల్చుకున్నాడు.

"నాది తలకేరా. నీది పొయ్యిలోకి."

మీసం మళ్ళీ మొలిచింది గానీ అంతెల్మ్ కడుపుమంట ఆరలేదు. పారిస్ వ్యాపారులు సరుకు చూడటానికి వచ్చిన రోజున, ముందే నీళ్ళలో నానేసి ఉంచిన ఫిలిబెర్ దువ్వెనను వాళ్ళ ముందు పైకి తీశాడు. అది ఉబ్బిపోయి ఉంది. పళ్ళు తాగుబోతు కాళ్ళలా తలో దిక్కుకూ పోయాయి. వాళ్ళు నవ్వుకుంటూ అంతెల్మ్ సరుకే కొన్నారు.

ఆనాటి నుంచి ఫిలిబెర్‌కు ఒకటే పని. కాలనిదీ ఉబ్బనిదీ చేసి వాడి చేతిలో పెట్టాలి. పెళ్ళాం పుట్టింటికి పోతే పోనీ అన్నాడు. మందు ఆవిరికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఎన్ని చేసినా అన్నీ ఉబ్బాయి.

మా వీధిలో పోయినవాళ్ళకు స్నానం చేయించి బట్టలు తొడిగేది నేనే. ఎవరు గుప్పిట్లో ఏం దాచుకుని పోయారో నాకు తెలుసు. అందుకే మంచం పట్టాక ఫిలిబెర్ నన్ను పిలిపించాడు. తలగడ కింద నుంచి నల్ల దువ్వెన ఒకటి తీశాడు. కొత్త పాకమట. నీళ్ళలో వేసి చూసే తీరిక తనకిక లేదన్నాడు.

"నేను పోయాక నా పక్కన తీర్థం గిన్నె పెడతావు కదా వదినా. ఇది దాని అడుగున వేసెయ్. జనం కొమ్మ ముంచి నామీద చల్లుతూనే ఉంటారు, ఇది నానుతూనే ఉంటుంది. వాడూ వస్తాడు, నేను నిజంగా చచ్చానో లేదో చూసుకోడానికైనా. వాడి వంతు రాగానే తీసి చేతిలో పెట్టు."

ఫాదరు చూశాడంటే నన్నూ నీతోపాటే పాతిపెడతాడన్నాను. నవ్వబోయి దగ్గాడు. ఇదీ ఉబ్బితే ఏం చెయ్యమంటావని అడిగాను. గోడవైపు తిరిగాడు.

"వాడు గడప తొక్కకముందే నా గుప్పిట్లో పెట్టెయ్. వేళ్ళు గట్టిగా మూసెయ్."