ఉప్పురాతిలో పుప్పొడి

పరిశోధనశాలలో ఆమెను అందరూ బొంగరం అనేవారు. కుర్చీలో కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. గని నుంచి వచ్చే పురాతనమైన ఉప్పురాళ్లను వడకట్టిన నీళ్లలో కరిగించి, అడుగున మిగిలిన మడ్డిని మైక్రోస్కోపు కింద పరీక్షించడం ఆమె పని.

ఒకసారి ఆ మడ్డిలో పుప్పొడి రేణువులు కనిపించాయి. ఆ ఉప్పు పేరుకున్న కాలానికి భూమ్మీద పూలమొక్కలే లేవని అంతవరకూ అందరి నమ్మకం. పరిశోధనశాల పెద్దసారు పొంగిపోయి తమ ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చు వేయించారు. అభినందనలు వచ్చిపడ్డాయి. ఆమెకు మాత్రం మనసు మనసులో లేదు. అన్ని యుగాలు రాతి కింద నలిగిన రేణువు నల్లగా మాడిపోవాలి. ఇవేమో నిన్న రాలినట్టు లేత పసుపు రంగులో ఉన్నాయి.

ఇంట్లో కూర మాడ్చింది. బట్టలు ఆరేయడానికి వెళ్లి, తడిబట్టల బకెట్టుతోనే తిరిగొచ్చింది.

"ఏంటమ్మాయ్, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది అత్తగారు.

"ఆ పుప్పొడి రాయి పుట్టినప్పటిదో, తర్వాత దూరిందో తేలట్లేదు అత్తయ్యా."

"రాయి ఎక్కడికీ పారిపోదులే. ముందు అన్నం తిను."

నాలుగు మెతుకులు కెలికి లేచిపోయింది.

మర్నాడే గనికి వెళ్లి, పగుళ్లున్న దిమ్మ ఒకటి, బీట కూడా లేని దిమ్మ ఒకటి తెచ్చుకుంది. పైపొరలు కడిగేసి, రెండింటి లోపలి భాగాన్నీ మూతపెట్టిన గిన్నెల్లో విడివిడిగా కరిగించింది. కిటికీ పక్కన ఖాళీ గాజుపళ్లెం తెరిచి ఉంచింది. పగుళ్ల రాతిలో పసుపు రేణువులు బోలెడు. గట్టి దిమ్మలో మచ్చుకైనా లేవు. కిటికీ పక్క పళ్లెంలోనూ అచ్చం అలాంటివే పడ్డాయి. అవి ఈ కాలానివే. నీటితోనో గాలితోనో పగుళ్లలోకి చేరాయి.

"వ్యాసం వెనక్కి తీసుకుందాం సార్," అంది.

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వచ్చే ఏడు రిటైరవుతున్నానమ్మా. అప్పటిదాకా ఆగదా?"

"అది ఆగుతుంది సార్. నేనే ఆగలేను."

ఆయన సంతకం పెట్టారు గానీ, ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. వరండాలో ఎదురైతే పక్కకు తిరిగి వెళ్లేవారు. అది ఆమెను లోలోపల కోసేది. అయినా వెనక్కి తగ్గలేదు. పగుళ్లు చూసుకోకుండా, మూతల్లేని గిన్నెలతో తాను ఇదివరకు తేల్చిన ఫలితాల మాటేమిటన్న అనుమానం పట్టుకుంది. పాత రాళ్లన్నీ మళ్లీ బయటికి తీసింది. కొన్ని నిలబడ్డాయి, కొన్ని వీగిపోయాయి. పని ఇంకా సగంలోనే ఉంది. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే అంటుంది:

"రేపు పెందలాడే వెళ్లాలి అత్తయ్యా."