రేగడి గుట్ట మీద నా పాతర

ఆ రోజుల్లో, అంటే నైజాం సర్కారు ఆఖరి రెండు మూడేళ్లలో, మా ఊళ్లో ఏడో తరగతి గట్టెక్కినవాణ్ని నేనొక్కణ్ణే. అలా ఒక్కడే ఉండటంలో పెద్ద ప్రమాదం ఉంది. వాడెంత తెలివితక్కువవాడో పోల్చి చూడటానికి పక్కన ఇంకొకడు ఉండడు. సూర్యాపేటలో చదువు ముగించుకుని, చంకలో ఒక భూగోళం పుస్తకం, గట్టి అట్ట వేసిన ఒక దినచర్య పుస్తకం పెట్టుకుని పదిహేడేళ్ల వయసులో ఊళ్లోకి దిగాను. ఆ దినచర్య పుస్తకమే ఇప్పుడు నా ముందుంది. (ఆనాటి నుంచి ఈనాటి దాకా రాయడం ఒక్క రోజు మానలేదు. రాసినదంతా చదవదగ్గదని మాత్రం అనను.) అందులో మొదటి పేజీలో 'ఊరివారి అజ్ఞానం, నివారణ మార్గాలు' అని శీర్షిక పెట్టి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. నివారణ మార్గాల కింద ఏమీ లేదు. మార్గం నేనే కాబట్టి వేరే రాయనవసరం లేదనుకున్నట్టున్నాను.

మా ఊరు సూర్యాపేట నుంచి మిర్యాలగూడెం పోయే బండ్ల బాట పక్కన ఉండేది. ఆ ఏడు లెవీ గట్టిగా ఉంది. పండిన జొన్నలో సర్కారు వాటా బండ్లకెత్తి మిర్యాలగూడెం గోదాముకు పోవాలి. ఆ వాటా ఎంతో, వసూలుకొచ్చే సర్కారు అధికారి గిర్దావరు నోరు తెరిచి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఆయన నోరు తెరిచాక మా ఇంట్లో పన్నెండు నోళ్లకు ఏం మిగులుతుందో అసలే తెలియదు. అందుకని ప్రతి ఇంటివాళ్లూ కొంత జొన్న పాతరలో దాచేవాళ్లు. ఇంటి వెనక ఎర్రమొరం దిబ్బలో మనిషి లోతు గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పి అలికేస్తే అది పాతర. పురుగు పట్టదు, చెమ్మ రాదు. చిక్కల్లా ఏమిటంటే, గిర్దావరు జవాన్లకు కూడా ఆ దిబ్బలన్నీ తెలిసిపోయాయి. ఇనుప చువ్వలు పట్టుకొచ్చి పెరళ్లన్నీ పొడుస్తున్నారు.

"ఈసారి ఏడ దాయాల్నో సమజైత లేదు," అన్నాడు పెద్దనాయన. మా ఇంటి పెద్ద ఆయనే. నేను గొంతు సవరించుకున్నాను.

ఊరికి కోసెడు దూరంలో ఒక గుట్ట ఉంది. దాని నెత్తి కత్తితో కోసినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఆ పరుపు మీదంతా నల్లరేగడి. అందులో చండ్ర చెట్లు, మోదుగలు, రేగుకంప. గొర్రెల మంద తప్ప అక్కడికి ఎవరూ పోరు. భూగోళం పుస్తకంలో అటువంటి గుట్టల గురించి ఒక పేజీ ఉంది. యుగాల కిందట భూమిలోంచి కరిగిన రాయి పొంగి, పరుపులు పరుపులుగా గట్టిపడి, తర్వాత చివికి నల్లమట్టి అయిందట. (మా గుట్ట అలాంటిదే అని పుస్తకం అనలేదు. అది నేను అన్నాను.) ఆ మట్టి నీటిని 'గట్టిగా పట్టి ఉంచును' అని కూడా రాసి ఉంది. నీటిని పట్టి ఉంచితే కిందికి దిగనివ్వదు; దిగనివ్వకపోతే గింజ తడవదు. శాస్త్రం అంటే ఇంతేగదా!

గుట్ట మీద మంద మేపే ముసలాయన్ను అందరూ గొంగడి తాత అనేవాళ్లు. ఎండాకాలం కూడా గొంగడి దించడు. ఆయనకు కరిగిన రాయి సంగతి వివరించాను.

"గుట్టకు అగ్గి ఎవలు వెట్టిన్రు బిడ్డా?" అన్నాడు.

"ఎవరూ పెట్టలేదు తాతా. భూమిల నుంచే వచ్చింది."

"అట్లనా! నువ్వు సూసినవా?"

"పుస్తకంల ఉంది."

"మంచిదే. గని పాతర మాత్రం గీడ తవ్వకు. ఇది తాగుబోతు నేల. తాగితే ఉబ్బుతది, తాగకుంటే నోరు తెరుస్తది. మొరంల తవ్వుకో పో."

ఆ రాత్రి దినచర్యలో రాసుకున్నాను: 'గొంగడి తాతతో నేల విషయం చర్చించితిని. అతనికి విషయం తెలియదు.' ఆ తర్వాత పద్ధతి ప్రకారం పరీక్ష చేశాను. రేగడితో గిన్నె చేసి, నీడన ఆరబెట్టి, నీళ్లు పోసి, తెల్లవారి చూశాను. కింద చుక్క కారలేదు. గిన్నె కాస్త మెత్తబడి పక్కకు ఒరిగింది గాని, ఒరగడం నా పరీక్షలోని అంశం కాదు. పెద్దనాయనకు నా మాట మీద గురి కుదిరింది. నా మాట మీద అనేకంటే సూర్యాపేట మీద అనడం న్యాయం.

ఫాల్గుణంలో, జొన్న నూర్పిడి కాగానే తవ్వించాం. ఏడాది గింజలో సగానికి పైగా అందులో పోశాం. గుర్తుగా ఏ చెట్టు నుంచి ఎన్ని అడుగులో దినచర్యలో పటం గీసుకున్నాను. చైత్రం దాటింది. నేల పగలడం మొదలైంది. రేగడి పగలడం వింత కాదు గాని, నేను ఒక పుల్ల పట్టుకుని వెళ్లి రోజూ ఆ పగుళ్లు కొలిచేవాణ్ని. దినచర్యలో ఆ కొలతలన్నీ ఉన్నాయి: 'నేడు బెత్తెడు వెడల్పు', 'నేడు పుల్ల పూర్తిగా దిగినది, అడుగు తగలలేదు'. ఒకనాడు 'పగులు అంచున నాలుగు జొన్నగింజలు, పక్షుల పని' అని కూడా ఉంది. అంత శ్రద్ధగా కళ్లు తెరుచుకుని గుడ్డివాడుగా ఉండటం అందరికీ సాధ్యం కాదు.

మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాయి. వారం తిరిగేసరికి గొంగడి తాత మంద వదిలేసి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. "నీ పాతర బయటికొచ్చింది, సూడు రా బిడ్డా!" పోయి చూస్తే, చండ్ర చెట్ల మధ్య పచ్చగా జొన్నమొలకలు. ఊరికే మొలిస్తే బాగుండేది. పాతర గోడల నుంచి గింజ జారిన ప్రతి పగులు వెంటా, గొర్రుతో వేసినట్టు వరుసలు వరుసలుగా మొలిచాయి. ఆ వరుసలన్నీ నడిమధ్య ఒక్కచోట కలుస్తున్నాయి. నా పటం కంటే వెయ్యి రెట్లు స్పష్టంగా ఉంది.

"మందను తోలు తాతా, మేసేస్తే పోతది," అన్నాను.

"లేత జొన్న మేస్తే గొర్లు పడి సస్తయిరా! గది నీ బుక్కుల లేదా?"

లేదు. పెద్దనాయన, నేను, తాత వంగి పీకడం మొదలుపెట్టాం. నాలుగడుగులు వేసేసరికి కాలికి రోలంత మట్టి కట్టింది. ఒక కాలు పీక్కుంటే ఇంకోటి దిగబడుతోంది. చెప్పులు ఎప్పుడో నేలపాలయ్యాయి. సగం వరుసలైనా పీకకముందే, గుట్ట అంచున గుర్రం సకిలించింది. గిర్దావరు! వెనక చువ్వ పట్టుకుని జవాను.

"క్యా రే, గీ అడవిల జొన్న ఎవరు ఏసిన్రు?"

గొంగడి తాత చేతులు జోడించాడు. "ఎవ్వలు ఎయ్యలే దొరా. మంద పండుకున్న జాగ. గొర్లు కంకులు మేసినయి, పెంటికెలు ఏసినయి, వానకు మొలిసినయి."

"గొర్లు లైన్ల నిలబడి ఏసినయా?"

"పెంటికె దొర్లి పగుల్ల పడ్డది దొరా. పగులు ఎట్ల వోతే గదీ అట్లనే."

జవాను చువ్వ ఎత్తాడు. "నడిమిట్ల పొడిసి సూద్దునా సాబ్? పాతర ఉన్నట్టున్నది."

గిర్దావరు గుర్రం దిగి ఒక అడుగు ముందుకు వేశాడు. బూటు దిగబడింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. జవాను దాన్ని పెరికి ఇస్తుంటే, ఆయన ఒంటికాలి మీద నిలబడి పకపకా నవ్వాడు. (ఆయన పుట్టి పెరిగింది మరాట్వాడా నల్లనేలల్లో అని తర్వాత తెలిసింది.) "పాగల్! గీ మట్టిల పాతరా? ఎండకు నోరు తెరిసే మట్టి ఇది. ఇందుల జొన్న పోసేటంత గాడిద దునియాల పుట్టలే. పద, పోదాం."

అంతటితో బతికిపోయాం. పన్నెండు నోళ్ల తిండి ఆ నవ్వుతో దక్కినట్టే. కాని శాస్త్రాన్ని నా కళ్లెదుటే అవమానిస్తే ఊరుకునేవాణ్నా? "మీరు పొరపాటు పడుతున్నారు సాబ్," అన్నాను పుస్తకం భాషలో. "రేగడి గిన్నెలో నీళ్లు పోసి చూస్తే..."

పెద్దనాయన నా కాలు తొక్కబోయాడు. ఆయన కాలు నేలలోంచి లేవలేదు. గొంగడి తాత అరచేయి, దాన్నిండా ఉన్న రేగడితో సహా, వచ్చి నా నోటి మీద పడింది. "ఏమనుకోకున్రి దొరా. ఈ పిలగానికి జర దిమాక్ ఖరాబున్నది. సూర్యాపేటల సదివిండు."

గిర్దావరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "హా, కనవడుతున్నది," అని గుర్రమెక్కాడు.

పాతర విప్పితే పైన మొలక, అడుగున బురద, నడుమ మిగిలినది పులుపు వాసన. దాన్నే ఎండబోసి, విసిరి, ఆ ఏడంతా ఆ రవ్వతో వండిన గటకే తిన్నాం. కోదాడ పక్క నుంచి వచ్చిన మా నాయనమ్మ మాటలో కాస్త ఆంధ్ర యాస ఉండేది. అందరికీ గటక అని వడ్డించి, నా దగ్గరికి వచ్చేసరికి ఆగేది. "ఏమయ్యా, ఇంకో ముద్ద శాస్త్రం వెయ్యమంటావా? మొహమాటపడకు, బోలెడుంది." మిగతావాళ్లంతా తలలు వంచుకుని తినేవాళ్లు. పులుపుకు కాదు, నవ్వు ఆపుకోవడానికి.

గిర్దావరు వచ్చిన నాటి రాత్రి దినచర్యలో రాసింది ఒకే ఒక్క వాక్యం: 'గిర్దావరుకు నేల స్వభావం తెలియదు.' దాని పక్కన చేయి కడుక్కోకుండా రాసినందుకు పడిన రేగడి మరక, నా బొటనవేలి ముద్రతో సహా, ఇన్నేళ్లూ ఎండి సన్నగా బీటలు వారింది. ఆ వాక్యం కొట్టేద్దామని ఇవాళ కలం తీశాను. అంత ధీమాగా ఒక్క మాటైనా రాసి ఎన్నేళ్లయిందో గుర్తుకొచ్చి, కలం మూసేశాను. ఊరికే వేలు తడి చేసి ఆ మరక మీద పెట్టి చూశాను. ఇప్పటికీ అంటుకుంది. పదిహేడేళ్ల ముద్ర పక్కనే వణికే ముద్ర ఇంకొకటి పడింది. పోల్చి చూసుకోవడానికి ఇప్పటికి ఒకడు దొరికాడు గాని, ఇద్దరిలో ఎవడు నయమో చెప్పడానికి గొంగడి తాత లేడు.