నెపం విమానాల మీద

మా అక్క పని విమానాల చప్పుడు వల్ల పోయిందని మా చుట్టాలు చాలాకాలం అనుకున్నారు. ఆ మాట మొదట అన్నది నేను. అది అబద్ధం. అబద్ధమని అన్ననాడే నాకు తెలుసు.

మాది శంషాబాద్. విమానాలు దిగే దారి కిందే మా ఇల్లు. ఇక్కడ గోడకు పగులొచ్చినా, బర్రె పాలు తగ్గించినా, పిల్లలకు మార్కులు తక్కువొచ్చినా తలెత్తి పైకి చూస్తాం. విమానం ఎదురు చెప్పదు, అదీ మాకున్న సౌకర్యం. నేనూ ఆ సౌకర్యాన్నే వాడుకున్నాను.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. కొత్త కంప్యూటర్ కొని, దాని ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేశాను. అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి పరుగెత్తించడం. అలా చేస్తే వేడి పెరుగుతుంది. ఆ వేడిని లాగేయడానికి ప్రాసెసర్ మీద సన్నటి లోహపు రేకుల దిమ్మ, దానికో ఫ్యాను బిగిస్తారు. దాన్ని కూలర్ అంటారు. "కూలర్ కొన్ననంటే ఇంట్లకనుకున్న" అని నా భార్య మొహం మాడ్చుకుంది.

"అన్నా, మేమే బిగిచ్చి ఇస్తం, పావుగంట పని" అన్నాడు షాపతను.

"పదిహేనేండ్ల సంది కంప్యూటర్లు చూస్తున్న. నాకు నేర్పుతవా?" అన్నాను.

ఇంటికి తెచ్చి నేనే బిగించాను. వేగం చూపించే అంకెను ఫొటో తీసి మా ఫొటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టాను. "అన్నా, నీది కంప్యూటరా, రాకెట్టా?" అని ఒకడు రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఫ్యాను మాత్రం స్విచ్చు వేసినప్పటి నుంచి ఆపేదాకా మిక్సీలా మొత్తుకునేది. "ఇంట్లనే రన్‌వే పెట్టినవా ఏంది?" అంది నా భార్య. వేగంగా పనిచేసేదేదైనా చప్పుడు చేస్తుందని దబాయించాను.

అక్క మా పక్క పోర్షన్‌లో ఒంటరిగా ఉండేది. ఆమె పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి మూతపడింది. పిల్లల పాఠాలు చదివి రికార్డు చేసే పని ఒకటి దొరికేలా ఉందని సంబరంగా వచ్చి చెప్పింది. నాలుగు పాఠాలు నమూనాగా పంపాలి. నచ్చితే నెలనెలా పని, ఇంట్లో కూర్చునే. "ఇగ ఎవ్వరినీ అడిగే పని లేదు రా" అంది. ఎవ్వరినీ అంటే నన్ను.

ఆమె గదికీ నా గదికీ మధ్య నాలుగంగుళాల గోడ. పైన వెంటిలేటర్, దానికి జాలీ తప్ప ఏమీ లేదు. అక్క విమానాల టైములు ఒక నోట్‌బుక్కులో రాసుకుంది. ఎండాకాలంలో, ఫ్యాను ఆపుకుని, దుప్పటి ముసుగేసుకుని, రెండు విమానాల నడుమ పాఠం చదివేది. మొదటి రెండు పాఠాలూ వెనక్కొచ్చాయి. వెనక ఆగకుండా రొద వినిపిస్తోందని పని ఇచ్చేవాళ్లు రాశారు.

"తమ్మీ, విమానం ఆగకుండ వస్తదారా? వస్తది, పోతది. ఇది పోతనే లేదు."

"నీ చెవులకు అలవాటైందక్కా. ఒకటి దిగంగనే ఇంకోటి లేస్తది. ఈ ఊర్ల గొంతు పని నడువది."

"నీ డబ్బా జర బంద్ చెయ్యరాదు, అద్దగంట."

"వీడియో తయారైతుంటే మధ్యల ఆపితే మొదటికొస్తది. పెండ్లోళ్లు నన్ను సంపుతరు."

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నా యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి కంప్యూటరూ ఆగింది. నేను వాకిట్లో కూర్చుని కరెంటోళ్లను తిట్టుకుంటుంటే, అక్క గదిలో దుప్పటి కప్పుకుని ఫోనులో మూడో పాఠం చదివేసింది. అది వాళ్లకు నచ్చింది. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పక్కన కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా ఉంది గొంతు. మధ్యలో ఒక విమానం కూడా వెళ్లింది. పది క్షణాల్లో పోయింది. ఆ ముక్క తామే కత్తిరించుకుంటామని వాళ్లు రాశారు.

"మరి ఇదెట్ల పాసైంది రా?"

"ఆ టైముకు విమానాలు తక్కువుండొచ్చు" అన్నాను. చెవిలో విమానం మోగుతుండగా అన్నాను. ఇది తెలియక చేసిన తప్పు కాదు. చెప్పుకోవాల్సింది ఇదే.

నాలుగో పాఠం సాయంత్రంలోపు పంపాలి. మళ్లీ వచ్చి గడపలో నిలబడి అడిగింది, బంద్ చెయ్యమని. నేను కుర్చీ కూడా తిప్పలేదు. "చీకటి పడ్డంక చేస్త" అన్నాను. ఆమె ఆ రొదలోనే చదివి పంపింది. పని పోయింది.

తర్వాత కొత్వాల్‌గూడలో చిన్నమ్మ ఇంట్లో అందరం భోజనాలకు కూర్చున్నాం. "నీ పని ఏమైంది బిడ్డా?" అని చిన్నమ్మ అక్కను అడిగింది. అక్క నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "విమానాలు, చిన్నమ్మా. ఆ సప్పుడుల ఎవ్వరు రికార్డు చేస్తరు?" అందరూ విమానాశ్రయాన్ని తిట్టారు. అక్క నన్నే చూసింది. ఆ నెలలోనే అత్తాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్‌లో చేరింది. అక్కడ పొద్దంతా నిలబడాలి.

ఏడాది గడిచాక నా కంప్యూటర్ వేడెక్కి దానంతటదే ఆగిపోవడం మొదలైంది. కొత్త కూలర్ కోసం వెళ్తే, నీళ్లతో చల్లబరిచేది కొనమన్నాడు షాపతను. మూడు ఫ్యాన్లు, రంగు లైట్లు. నడిపించి చూపించమన్నాను. ఫ్యాన్లు నెమ్మదిగానే ఉన్నాయి కానీ పంపు సన్నగా కూస్తోంది. దాని పక్కన రెండు పెద్ద దిమ్మలు, వాటికి వెడల్పాటి ఫ్యాన్లు ఉన్న మామూలు గాలి కూలర్ ఉంది. చూడ్డానికి ఇటుకలా ఉంది, లైటు లేదు. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా, చిన్న ఫ్యాను వేగంగా తిరిగి లాగినంత గాలి లాగుతుంది, అరవదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. క్యాబినెట్ తలుపుకు తగలకుండా పడుతుందా లేదా అని ఎత్తు కొలిపించుకుని అదే తెచ్చుకున్నాను.

పాత కూలర్ ఊడదీసి తిరగేశాను. దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. బిగించే ముందు దీన్ని తీసేయాలని దాని మీద ఎర్రటి అక్షరాల్లో రాసి ఉంది. వేడిని లాగాల్సిన చోట నేను ప్లాస్టిక్ పెట్టాను. పదిహేనేళ్లుగా కంప్యూటర్లు చూస్తున్నవాణ్ణి!

ఆ ముక్కను పట్టుకుని నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. అది తీసేసి ఉంటే చిన్న ఫ్యానుకూ అంత అరుపు అవసరం ఉండేది కాదు. కొత్త కూలర్ బిగించి, వేగం కొంచెం తగ్గించి, వోల్టేజీ దించి నడిపితే అదే నిడివి పెళ్లి వీడియో మునుపటికంటే ముందే అయిపోయింది. అంటే నేను గ్రూపులో చూపించిన వేగం ఎన్నడూ పనిలో లేదు. వేడెక్కగానే ప్రాసెసర్ దానంతటదే నెమ్మదించేది. నేను అక్క పనిని వేగం కోసం కూడా బలి పెట్టలేదు. ఒక ఫొటో కోసం పెట్టాను. గది నిశ్శబ్దంగా ఉంది. వెంటిలేటర్ అవతల ఖాళీ పోర్షన్.

అత్తాపూర్ వెళ్లి అంతా చెప్పాను. అక్క కూరగాయలు తరుగుతూ వింది.

"అది నాకెరుకనే. కరెంటు పోయిననాడే ఎరుక."

"మరి నన్ను అడగలేదేంది?"

"అడిగిన గద, బంద్ చెయ్యమని. రెండుసార్లు అడిగిన." కత్తి పక్కన పెట్టింది. "నాకు చెప్పుడు కాదు. చిన్నమ్మ ఇంట్ల చెప్పినవ్ గద, ఆడనే చెప్పు."

మళ్లీ కొత్వాల్‌గూడలో అందరూ కలిసిన రోజు చెప్పాను. బాబాయి నవ్వాడు. "కంప్యూటర్ ఫ్యానుకు పని పోతదారా? విమానమే అయ్యుంటది." తలకాయలూపారు. నన్ను కాపాడుతున్నామనుకున్నారు. నాకు ఒళ్లు మండింది, వాళ్ల మీద కాదు. అక్క ఫోను తీసి అన్నం గిన్నె పక్కన పెట్టి, మూడో పాఠం, నాలుగో పాఠం ఒకదాని వెనక ఒకటి వినిపించింది. మూడోదాంట్లో విమానం వచ్చింది, పోయింది. నాలుగోదాంట్లో మొదటి నుంచి చివరిదాకా నా కంప్యూటరే, దాని వెనక ఎక్కడో అక్క.

"థూ" అంది చిన్నమ్మ. ఎవరూ నవ్వలేదు.

పోయిన ఆదివారం అక్క వచ్చింది. ఇంకెవరో నమూనా అడిగారట. పాత గదిలో దుప్పటి పరుచుకుంది.

"అక్కా, ఇప్పుడు అస్సలు సప్పుడు రాదు. కొత్తది పెట్టిన. చెవి పెట్టి సూడు" అన్నాను.

"బంద్ చెయ్యి."

"నిజంగనే రాదక్కా..."

"బంద్ చేసి బయట కూసో."

బంద్ చేసి మెట్టు మీద కూర్చున్నాను. లోపల పాఠం మొదలైంది. కాసేపటికి పైన విమానం వచ్చింది. అక్క వాక్యం మధ్యలో ఆగింది. అది దాటిపోయేదాకా ఉండి, ఆ వాక్యాన్నే మళ్లీ మొదటి నుంచి చదివింది.