రేసు కారు చాసిస్‌కు అన్ని బొక్కలెందుకు?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను జమ్మలమడుగు బ్రాంచి నుంచి ప్రొద్దుటూరు షెడ్డుకు మార్చి, బాడీ సెక్షన్ ఫోర్మన్ పని అప్పగించారు. మాది ప్రైవేటు బస్సుల కంపెనీ. పైన యజమాని, ఆయన కింద మేనేజరు, తర్వాత ఫోర్మన్, ఆ కింద మేస్త్రీలు, ఫిట్టర్లు. పని బాగుంటే కంపెనీ పేరు, చెడితే ఫోర్మన్ పేరు. ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాను.

అప్పట్లో బస్సు బస్సుగా వచ్చేది కాదు. మాకు వచ్చేది ఉత్త చాసిస్. రెండు పొడవాటి ఇనుప పట్టాలు, వాటిని కలిపే అడ్డపట్టీలు, ఇంజను, చక్రాలు, అంతే. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని మద్రాసు నుంచి దాన్ని తోలుకొచ్చేవాడు. మేం దాన్ని స్టాండ్ల మీదికెత్తి, ముందు నుంచి వెనక్కి దారం లాగి వంకర చూసి, ఆ తర్వాత టేకు చట్రం, దాని మీద రేకులు బిగించేవాళ్లం. ఈ పనిలో ఒక గట్టి నియమం ఉంది. చాసిస్‌కు సొంతంగా బొక్క వెయ్యకూడదు. వేస్తే పట్టా బలం తగ్గి, లోడు పడినప్పుడు అక్కడే చీలుతుంది. తయారుచేసినవాడు వేసి పంపిన బొక్కల్లోనే మన బ్రాకెట్లు బిగించుకోవాలి. అందుకని మా షెడ్డులో ఖాళీ బొక్క కనిపిస్తే ఎవరైనా అడిగే మొదటి మాట, దీంట్లో బిగించే సామాను యాడ అని.

నేను చేరిన కొద్ది రోజులకే పులివెందుల దగ్గర పల్లె నుంచి ఓబుల్రెడ్డి అనే పెద్దరైతు ఒక కారు చాసిస్‌ను వేరుశెనక్కాయల లారీలో వేయించుకుని వచ్చాడు. ఇంజను లేదు, చక్రాలు లేవు, తుప్పు మాత్రం కావలసినంత ఉంది. ఆయన మా యజమానికి కావలసినవాడు కాబట్టి మేనేజరు కాదనలేదు. బస్సుల షెడ్డుకు కారు పనేమిటని నేను గొణిగాను గానీ ఎవరు వింటారు?

అది ఆయన తమ్ముడు తిమ్మారెడ్డి మద్రాసులో చదివే రోజుల్లో సంపాదించిన పాత నాలుగు తలుపుల టూరింగ్ కారు. యుద్ధకాలంలో విమానాల కోసం వేసి వదిలేసిన రన్‌వే మీద దాన్ని రేసులకు తోలేవాడట. ఒకసారి పల్టీ కొట్టింది. తమ్ముడికి చర్మం గీసుకుపోవడంతో సరిపోయింది, అన్నకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ఓబుల్రెడ్డి మద్రాసు పోయి తమ్ముణ్ణీ కారునూ ఇంటికి తెచ్చి, కారును ముక్కలు చేయించాడు. ఇంజను బావి దగ్గర పంపుకు బిగించారు. ముందు ఇరుసు చక్రాలతో సహా జమ్మలమడుగులో మేనమామ టైరుబండి కిందికి పోయింది. రేకులు పశువుల కొట్టం మీదికెక్కాయి. ఆ ఇంజను బావిలో నీళ్లు తోడిన రోజు నుంచి తిమ్మారెడ్డి అన్నతో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే సేద్యం. మాట మాత్రం లేదు. అట్లా ఏళ్లు గడిచిపోయాయి.

“ఫోర్మనప్పా, నాకు కారు మీద మోజేం లేదు” అన్నాడు ఓబుల్రెడ్డి. “నా తమ్ముడు నాతో మాట్లాడాల. కారు మునుపు ఎట్లుండెనో అట్ల చేసియ్యి. ఇంగేమీ అడగను.”

మునుపు ఎట్లా ఉండేదో తమ్ముణ్ణి అడుగుదామన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “అడిగితే లేచి పోతాడు. అంతా అయినంక చూపిస్తా. అంతదంకా గమ్మునుండు.” సరిపోయింది. తెలిసిన మనిషి మాట్లాడడు, మాట్లాడే మనిషికి తెలియదు. మాకు ఆధారం మద్రాసులో తీసిన ఒక ఫోటో. అందులో కారు పైభాగం కనిపిస్తుంది. కారు అడుగుభాగాన్ని ఫోటో తీసే పిచ్చివాడు ఎక్కడుంటాడు?

మా బాడీ మేస్త్రీ ఖాసిం సాహెబ్. జిల్లాలో సగం బస్సులకు ఆయన చేతి రేకులే. తుప్పు గోకించి, కిరసనాయిలుతో కడిగించాక నన్ను పిలిచాడు. పట్టాల నిండా బొక్కలు. వరసగా, గుండ్రంగా, నడుమ పెద్దవి, చివరలకు పోయేకొద్దీ చిన్నవి. ఎడమ పట్టాకు ఉన్నట్టే కుడి పట్టాకూ ఉన్నాయి. అడ్డపట్టీలకూ ఉన్నాయి. పురుగు తిన్నదంటే నమ్మడానికి లేదు, పురుగుకు అంత లెక్క తెలియదు.

“ఏందప్పా ఇది, జల్లెడ మాదిరి ఉండాది” అన్నాడు ఖాసిం. “వీటిలో ఏం బిగిస్తారు?”

నాకు మతి పోయింది. ఇన్ని బొక్కలుంటే ఇన్ని సామాన్లు ఉండాలి. ఓబుల్రెడ్డి ఇల్లూ కొట్టమూ మళ్లీ వెతికించాం. దొరికిన ప్రతి ఇనుప ముక్కనూ తెచ్చి ఆ బొక్కల్లో పెట్టి చూశాం. నాగలికర్రు కూడా వచ్చింది, పాపం. ఏదీ కుదరలేదు. ఒక ఫిట్టరు వైర్లు పోవడానికన్నాడు. పల్టీ కొట్టినప్పుడు పడిపోకుండా మనిషిని తాళ్లతో కట్టేయడానికని ఇంకొకడు. అంతలో గడ్డివామి పక్కన బ్రేకు పెడల్ దొరికింది. దానికీ బొక్కలే! కాలితో తొక్కే పెడల్‌కు ఏం బిగిస్తారయ్యా? ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు నేను.

ఈ లోపల మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జనం నోట ఆయన బ్రేకిన్‌స్పెక్టరు. ఏళ్ల తరబడి రోడ్డెక్కని బండిని మళ్లీ రిజిస్టరు చేయాలంటే ఆయన చూసి సరేననాలి. ఆయన వంగి చూసి, చాసిస్ బలహీనపడిందని, ఈ స్థితిలో తాను ఒప్పుకోనని తేల్చేశాడు. నిబంధన ప్రకారం అది సబబే. దాంతో మాకు దారి దొరికినట్టయింది. ఖాసిం మందపాటి ఇనుప ప్లేట్లు కోసి, పట్టాలకు లోపలా బయటా పెట్టి, ఎర్రగా కాల్చిన రివెట్లతో బిగించాడు. అడ్డపట్టీలకూ అంతే. పెడల్ బొక్కలను వెల్డింగుతో నింపాడు. లారీ కింద పెట్టినా ఓర్చుకునేంత గట్టిగా తయారైంది. బ్రేకిన్‌స్పెక్టరు వచ్చి మెచ్చుకున్నాడు. మేం మురిసిపోయాం.

మిగతా పని మాకు తెలిసిన పనే. జమ్మలమడుగు మేనమామ తన బండికి వేరే ఇరుసు చూసుకుని, కారు ఇరుసు తిరిగి ఇచ్చాడు, కాస్త సణిగాడు గానీ ఇచ్చాడు. బావి దగ్గర కొత్త ఆయిలింజను పెట్టించి పాతదాన్ని విప్పి తెచ్చాం. దొరకని సామాన్లు మద్రాసు నుంచి ఎర్రగుంట్ల స్టేషనుకు పార్శిల్లో తెప్పించాం. ఫోటో చూస్తూ ఖాసిం తలుపులు, బానెట్టు కొట్టాడు. రంగు వేశాక నిజంగా కళ్లు చెదిరాయి.

జమ్మలమడుగు దాకా తోలి చూద్దామని నేనూ ఖాసిమూ బయల్దేరాం. బ్రేకులు బాగున్నాయి, స్టీరింగు నిలకడగా ఉంది. దారిలో ఒక వాగు ఇసుక దాటి గట్టెక్కేటప్పుడు మాత్రం నిండుచూలాలి మాదిరి ఆయాసపడింది. కార్బురేటరు విప్పి చూశాను, ప్లగ్గులు మార్చాను, వాల్వులు సరిచూశాను. ఏ లోపమూ కనిపించలేదు. రేసుల్లో పరుగెత్తిన బండి ఇట్లా ఎందుకు ఈడుస్తోందో నాకు బొత్తిగా అంతుపట్టలేదు. “బావికాడ ఒకే స్పీడులో తిరిగీ తిరిగీ దీనికి బద్ధకం పట్టిందిలేప్పా” అని ఖాసిం నన్ను ఓదార్చాడు. అంతకంటే మంచి కారణం నా దగ్గర కూడా లేదు.

ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి, వాళ్ల ఊళ్లో ఇంటి ముందు కారు నిలబెట్టాం. ఓబుల్రెడ్డి తెల్లటి పంచె కట్టుకుని వాకిట్లోనే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక భుజం మీది తువ్వాలు తీస్తున్నాడు, వేసుకుంటున్నాడు. చేని దగ్గరికి కబురు పోయింది. తిమ్మారెడ్డి వచ్చాడు, బురద కాళ్లతో. అన్న వైపు చూడలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తెరిచాడు, మూశాడు. ముఖంలో ఏమీ తెలియడం లేదు. ఇక తల ఊపి వెళ్లిపోతాడనే అనుకున్నాను.

అంతలో తిమ్మారెడ్డి నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. వేళ్లతో తడుముతున్న చప్పుడు వినిపించింది. ఉన్నట్టుండి బయటికి పాక్కుంటూ వచ్చి, నిలబడి, నేరుగా అన్న ముఖంలోకి చూసి అరిచాడు.

“ఏందన్నా ఇది? యా నా కొడుకు పూడ్చినాడు నా బొక్కలన్నీ? బరువు తగ్గాలని ఒక్కో బొక్కా నా చేత్తో వేసుకుంటి కదన్నా! కారును తెచ్చి లారీ చేసి పెడితివే! నీకేమన్నా బుద్ధుండాదా?”

బరువు తగ్గడానికి! అంత సేపూ మేం వెతికిన సామాను అదన్నమాట. ఏమీ బిగించకపోవడమే ఆ బొక్కల పని. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. బ్రేకిన్‌స్పెక్టరు మాట చెప్పబోయాను. ఓబుల్రెడ్డి నా కాలు గట్టిగా తొక్కాడు.

“నేనే పూడ్పిస్తి నాయనా” అన్నాడు తమ్ముడితో. “నాకేం తెలుసు?”

“తెలియకుంటే అడగల్ల!”

“ఇంగ అడుగుతాలే.”

తిమ్మారెడ్డి తిడుతూనే ఉన్నాడు. ఆయన తిట్టినంత సేపూ ఓబుల్రెడ్డి తల వంచుకుని విన్నాడు, కళ్లు మాత్రం కారిపోతున్నాయి. కాసేపటికి నన్ను పక్కకు పిలిచి, “ఫోర్మనప్పా, ఇంగేమన్నా తప్పు చేసింటే అదీ వానికి చూపీప్పా” అన్నాడు. నేను సిగ్గు విడిచి పెడల్ చూపించాను. మళ్లీ మొదలైంది.

తర్వాత కారు మా షెడ్డుకే తిరిగొచ్చింది. అన్నదమ్ములిద్దరూ కలిసి వచ్చి, పోట్లాడుకుంటూ దగ్గరుండి ఆ రివెట్లు కోయించి, ప్లేట్లు పీకించారు. బొక్కలు తేలాక బ్రేకిన్‌స్పెక్టరు మళ్లీ కాదన్నాడు. అందువల్ల ఆ కారు సర్కారు రోడ్డు ఎక్కనే లేదు, వాళ్ల చేల మధ్య బాటలో మాత్రం తిరిగేది. నా కష్టమంతా మట్టిబాట పాలైందని మేనేజరు ఎగతాళి చేసేవాడు.

ఖాసిం సాహెబ్‌ను ఎవరన్నా ఆ ప్లేట్ల గురించి ఆటపట్టిస్తే ఒప్పుకునేవాడు కాదు. “మనం సరిగ్గా చేసింటే ఆయప్ప చూసి, గమ్మున చేనికి పోయుండేవాడు” అనేవాడు.

ఆ తర్వాత నా షెడ్డులో ఒక నియమం పెట్టాను. బండిలో లేనిదాన్ని నింపే ముందు అది ఊడిపోయిందా, కావాలని తీసేశారా అని దాన్ని తోలిన మనిషిని అడగాలి. రిటైరయ్యేదాకా ఆ నియమం తప్పలేదు, దానివల్ల చాలా పనులు చెడకుండా నిలిచాయి. కానీ ఆ నియమం ప్రకారం తిమ్మారెడ్డిని ముందే అడిగి ఉంటే, ఓబుల్రెడ్డి నన్ను కోరిన పని మాత్రం జరిగి ఉండేది కాదు. ఈ రెంటికీ పొత్తు ఎట్లా కుదుర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.